లాఖోరి తిన్న ఏడాది

మెడిసిన్ మూడో సంవత్సరం పరీక్షలు రాసి వేసవి సెలవులకు హైదరాబాదు నుంచి ఊరికి వచ్చాను. విరూరు స్టేషన్‌లో దిగేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. మా ఊరు అక్కడికి మూడు కోసుల దూరం. నేను వచ్చినప్పుడల్లా మా పెద్ద జీతగాడు బండి కట్టుకుని స్టేషన్‌కు వచ్చేవాడు. రైలు ఇంకా ఆగకముందే పెట్టెల వెంట పరుగెత్తి, కిటికీలో నా ముఖం కనబడగానే నవ్వి, ట్రంకుపెట్టె తన నెత్తికి ఎత్తుకునేవాడు. నాకంటే పదేళ్లు పెద్ద. వాగులో నాకు ఈత నేర్పింది అతనే.

ఆ రోజు ప్లాట్‌ఫాం మీద అతను లేడు. పెట్టె మోసుకుంటూ బయటికి వస్తే, వేపచెట్టు నీడలో బండి ఆగి ఉంది. అతను బండి మీదే కూర్చుని ఉన్నాడు.

“పెట్టె నువ్వే ఎక్కించుకో చిన్న పటేలా. కాళ్లు జర పట్టుకున్నయ్,” అన్నాడు, ఎద్దుల వైపు చూస్తూ.

ముల్లు గుచ్చుకుందేమో అనుకున్నాను. దారిలో ఎద్దులకు నీళ్లు తాగించడానికి వాగు దగ్గర బండి ఆపాడు. అప్పుడు అతను దిగడం చూశాను. ముందు చేతులతో బండి చక్రాన్ని పట్టుకున్నాడు. తర్వాత రెండు కాళ్లూ ఒక్కసారే కిందికి జార్చాడు. మడమలు నేలకు ఆనలేదు. మునివేళ్ల మీద నిలబడి, మోకాళ్లు ఒకదానికొకటి ఒరుసుకుంటుండగా, ఒక్కో అడుగు అడ్డంగా తిప్పి వేస్తూ, ఎద్దు మూపురం మీద చెయ్యి పెట్టి నీళ్ల దాకా పోయాడు. పట్టుమని పది గజాలు లేదు. తిరిగి వచ్చేసరికి మెడ మీద చెమట కారుతోంది.

“ఎప్పటి నుంచి?” అని అడిగాను.

“శివరాత్రి పోయిన వారానికి. పండుకున్నప్పుడు మంచిగనే ఉన్న. పొద్దుగాల లేస్తే కాళ్లు కర్రల తీర్గ బిర్రుగైనయ్. తగ్గుతది తియ్.”

ఇంటికి చేరాక, మర్నాడు పొద్దున అతన్ని అరుగు మీద కూర్చోబెట్టి పరీక్ష చేశాను. కొత్తగా కొన్న చిన్న సుత్తి నా దగ్గర ఉంది. మోకాలి చిప్ప కింద దానితో తడితే కాలు ఎగిరి తన్నింది. పాదాన్ని పైకి వంచి పట్టుకుంటే గడగడ వణుకుతూనే ఉంది. సూదితో గుచ్చితే, “అది సూది మొన, అది వెనుక భాగం,” అని సరిగ్గా చెప్పాడు. జ్వరం లేదు. వెన్నులో నొప్పి లేదు. చేతులు ఇనుములా ఉన్నాయి. వెన్నుపాములో ఎక్కడో ఏదో దెబ్బతిన్నదని నాకు అర్థమైంది. అంతవరకు చెప్పగలిగినందుకు నాలో నాకే గర్వంగా కూడా అనిపించింది. ఆ మాట రాయడానికి ఇప్పుడు సిగ్గుపడుతున్నాను.

“వెన్నుపూసకు క్షయ పట్టిందేమో. హైదరాబాదు తీసుకుపోయి ఎక్స్‌రే ఫోటో తీయించాలె,” అని బాపుతో అన్నాను. మా నాన్నను మేం బాపు అనేవాళ్లం.

జీతగాడు తల అడ్డంగా ఊపాడు. “ఒక్కనికే అయితే తీస్కపోదువు చిన్న పటేలా. మా వాడల ఇంకా ఉన్నరు.”

మా కాలేజీలో ప్రివెంటివ్ మెడిసిన్ అనే సబ్జెక్టు ఒకటి ఉండేది. జబ్బు వచ్చాక ఏం చేయాలని కాకుండా, అసలు ఎందుకు వస్తోంది, ఎవరికి వస్తోంది, రాకుండా ఎలా ఆపాలి అని చెప్పే పాఠం. భోజనాల తర్వాత ఉండేది ఆ క్లాసు. సగం మందిమి నిద్రపోయేవాళ్లం. ప్రొఫెసరు గారు మాత్రం విసుక్కోకుండా ప్రతి క్లాసులోనూ బోర్డు మీద మూడు మాటలు రాసేవారు: ఎవరికి, ఎక్కడ, ఎప్పుడు. “రోగి మంచం పక్కన నిలబడితే ఒక్క రోగి కనబడతాడు. జబ్బు కనబడాలంటే వీధిలోకి వెళ్లాలి,” అనేవారు. పరీక్షలో మార్కులకు పనికొస్తుందని రాసుకున్నానే తప్ప, ఆ మాటతో నాకు పని పడుతుందని ఎన్నడూ అనుకోలేదు.

ఆ పొద్దున ఒక నోటుబుక్కు తీసుకుని వాడకు వెళ్లాను. ఊరికి తూర్పున, వాగుకు దగ్గరగా, జీతగాళ్లు ఉండే గుడిసెలు అవి. మొదటి గుడిసె ముందు ఒక మనిషి నారతో తాడు పేనుతూ కూర్చుని ఉన్నాడు, పక్కన ఒక కర్ర. మూడో గుడిసెలో రెండు కర్రలతో నడిచే మనిషి. దాని పక్కన నడవలేని మనిషి. చేతుల మీద బరువు మోపి, జానెడు దూరం ముందుకు జరిగి, మళ్లీ చేతులు మోపి వచ్చాడు నన్ను చూడటానికి. దాదాపు అందరూ మగవాళ్లే, నిన్న మొన్నటి దాకా నాగలి పట్టినవాళ్లే. ఆడవాళ్లలో ఒక్కరికే కాళ్లు బిగుసుకుంటున్నాయి.

ఎవరిని లెక్కలోకి తీసుకోవాలో ముందే తేల్చుకోవాలని క్లాసులో చెప్పారు. మునివేళ్ల మీద నడక, మోకాళ్లు ఒరుసుకోవడం, సూది నొప్పి తెలియడం, ఈ రెండేళ్లలోనే మొదలవడం. ఇవన్నీ ఉన్నవాళ్లనే రాశాను. ఒక ముసలాయనకు చిన్నప్పుడే ఒక కాలు సన్నబడి కుంటితనం వచ్చింది. అతన్ని రాయలేదు. అతనికి కోపం వచ్చింది. నేను వాడ దాటేదాకా వెంటబడ్డాడు.

“అందరి కాళ్లు రాసుకుంటున్నవ్. నా కాలు కాలు గాదా?”

“నీది వేరే జబ్బు తాతా.”

“బాధ వేరేనా మరి?”

పుస్తకం చివరి పేజీలో అతని కాలు గురించి కూడా రాశాను, అతను చూస్తుండగా. లెక్కలో మాత్రం కలపలేదు.

మొదట నీళ్లను అనుమానించాను. ఎండాకాలం వాడ బావి ఎండిపోతే అందరూ వాగు ఇసుకలో చెలిమె తవ్వుకుని ఆ నీళ్లు తాగేవాళ్లు. కానీ అదే చెలిమె నీళ్లు రైలు పట్టాల మీద పనిచేసే గ్యాంగు కూలీలు కూడా తాగేవాళ్లు. వాళ్ల గుడిసెలు లైను పక్కన, పిలిస్తే పలికేంత దూరంలో. అదే ఎండ, అవే దోమలు, అంతకంటే బరువు పని. అక్కడికి వెళ్లి అందరినీ నిలబెట్టి నడిపించాను. ఒక్కరికి కూడా లేదు. జబ్బు ఉన్నవాళ్లను చూసినంత శ్రద్ధగా లేనివాళ్లను కూడా చూడాలని ప్రొఫెసరు గారు అనేవారు. ఆ గుడిసెల మధ్య నిలబడినప్పుడు ఆయన ఏమంటున్నారో మొదటిసారి తెలిసింది. వీళ్లకూ వాళ్లకూ తేడా ఏమిటి?

“మీరేం తింటరు?” అని గ్యాంగు మేస్త్రీని అడిగాను.

“జీతం వచ్చినంక విరూరు దుకాన్ల జొన్నలు తెచ్చుకుంటం. దొరికితే బియ్యం.”

తిరిగి వాడకు వచ్చి మా జీతగాడి ఇంటికి వెళ్లాను. అతని భార్య పొయ్యి ముందు రొట్టెలు చేస్తోంది. పిండి పసుపు కలిసిన బూడిదరంగులో ఉంది. జొన్నరొట్టె కాదు.

“ఏం పిండి వదినా?” అన్నాను. చిన్నప్పటి నుంచి ఆమెను అలాగే పిలిచేవాణ్ని.

“లాఖోరి. రెండేండ్ల సంది గదే గదా. పొద్దుగాల ఉడకబెట్టిన గుడాలు, మాపటికి రొట్టె.”

తెలుగు పుస్తకాల్లో దాన్ని కేసరి పప్పు అంటారు. చూడటానికి కందిపప్పులాగే ఉంటుంది. వానలు లేకపోయినా నల్లరేగడిలో మొండిగా పెరుగుతుంది. వరుసగా రెండేళ్లు జొన్న పోయింది, లాఖోరి ఒక్కటే చేతికొచ్చింది. జీతగాళ్లకు మా దగ్గర జీతం గింజల రూపంలోనే ఇచ్చేవాళ్లు. రెండేళ్లుగా ఆ గింజలు లాఖోరివే. పాఠ్యపుస్తకంలో ఈ పప్పు గురించి, కాళ్లు పడిపోవడం గురించి ఒక చిన్న పేరా ఉంది. పరీక్షలో రాదని వదిలేసిన పేరా. ఇంటికి వచ్చి ట్రంకు అడుగు నుంచి పుస్తకం తీసి అది చదివాను. నడక ఎలా మారుతుందో, ఎవరికి ఎక్కువగా వస్తుందో, అంతా నేను పొద్దున్నుంచి రాసుకున్నట్టే ఉంది. చివరి వాక్యం మటుకు నా నోటుబుక్కులో లేదు. ఒకసారి వచ్చిన తర్వాత దీనికి చికిత్స లేదు.

మా పెరట్లో గింజల గుమ్మి నిండా ఉన్నది కూడా లాఖోరే.

సాయంత్రం బాపు చేను నుంచి వచ్చి కాళ్లు కడుక్కున్నాక చెప్పాను. ఆయన కసురుకోలేదు. మంచం మీద కూర్చుని మొత్తం విన్నాడు.

“మనం గూడ తింటం గదరా. మీ అవ్వ పకోడీలల్ల అదే పిండి కలుపుతది. మనకేం కాలే?”

“మనం కొద్దిగ తింటం బాపు. మనకు బియ్యం ఉన్నయ్, పాలున్నయ్, కూరలున్నయ్. వాళ్లకు పొద్దు మాపు అదొక్కటే. నెలల తరబడి తింటేనే పడ్తది.”

“అట్లయితే ఏమియ్యాలె? వాడకంత సరిపోను జొన్నలు యాడున్నయ్? రాజురా అంగట్ల గూడ అన్ని లేవు.”

“నాకు తెల్వది.”

“నాకు గూడ తెల్వది,” అన్నాడు బాపు. చాలాసేపు తలపాగా విప్పుతూ, మళ్లీ చుట్టుకుంటూ కూర్చున్నాడు. మర్నాడు మేం తినడానికి దాచుకున్న జొన్నల్లోంచి మా జీతగాళ్ల ఇళ్లకు పంపించాడు. అవి నెల తిరగకముందే అయిపోయాయి. ఊళ్లో మిగతా పటేళ్ల దగ్గరికి నేనే వెళ్లాను. ఒకాయన నవ్వాడు. మరొకాయన, “హైదరాబాదు చదువు బాగనే ఉంది. మరి మీ ఇంట్ల ఏం పెడ్తున్నరు?” అన్నాడు. ఇంకెవరింటికీ వెళ్లలేదు.

ఆ జొన్నలు అయిపోయాక వదిన దగ్గరికి వెళ్లి మళ్లీ లాఖోరి వండొద్దని చెప్పాను. ఆమె నా ముఖంలోకి చూసింది. ఎగతాళి లేదు, కోపం లేదు.

“వండకుంటే ఏం తినాలె? నువ్వే చెప్పు, అది వండుత.”

ఆమె నిజంగానే నా జవాబు కోసం ఆగింది. అన్నం, పాలు, ఆకుకూరలు అని పుస్తకంలో ఉంది. ఆ మాటలు ఆ గుడిసెలో చెప్పలేదు. జీతగాడు గోడకు ఆనుకుని కూర్చుని వింటున్నాడు. నేను లేచి వస్తుంటే అడిగాడు.

“నువ్వు పూర డాక్టరు కానీకి ఇంకా ఎన్నేండ్లు చిన్న పటేలా?”

“రెండేళ్లు.”

“గంతదాంక ఆగుత,” అన్నాడు. “అప్పుడు నువ్వే చెయ్యి.”

చికిత్స లేదన్న సంగతి అప్పుడే చెప్పి ఉండాల్సింది. తల ఊపి వచ్చేశాను.

సర్కారుకు తెలియజేస్తే జొన్నలు పంపిస్తారని నా ఆశ. నా చేతిలో ఉన్న సెలవుల్లో అదొక్కటే చేయగలిగిన పని. కానీ సర్కారు అంటే ఏ సర్కారు? నేను హైదరాబాదులో చదువుకు చేరిన రోజుల్లో మా రాజురా తాలూకా ఆదిలాబాదు జిల్లాలో, హైదరాబాదు రాష్ట్రంలో ఉండేది. రాష్ట్రాలను మళ్లీ విభజించినప్పుడు అది బొంబాయి రాష్ట్రంలోకి పోయి నాందేడు జిల్లాలో పడింది. ఆ వేసవిలో దాన్ని నాందేడు నుంచి తీసి వార్ధా నది అవతలి చాందా జిల్లాలో కలుపుతున్నారు. చాందా అంటే ఇప్పటి చంద్రపూర్. ఊరు కదల్లేదు, వాగు కదల్లేదు, కాగితాలు మాత్రం మూడు చోట్ల ఉన్నాయి.

ఉర్దూలో ఒక అర్జీ, ఇంగ్లీషులో ఒక అర్జీ రాసుకుని బయల్దేరాను. పాత జిల్లా ఆదిలాబాదులో ఒక గుమాస్తా మా ఊరి పేరు విని సంతోషించాడు. మా పక్క ఊళ్లో అతనికి చుట్టాలున్నారట. టీ తాగించాడు. “ఇప్పుడు మీరు మా వాళ్లు కారు కదా సాబ్,” అని మర్యాదగా కాగితం తిరిగి ఇచ్చాడు. రెండు బస్సులు, ఒక రైలు మారి నడిమి జిల్లా నాందేడుకు పోతే, మా తాలూకా కాగితాలన్నీ మూటలు కట్టి గోడ పక్కన పేర్చి ఉన్నాయి. చాందా పోవాల్సిన మూటలవి. వాటి మీద ఇంకో కాగితం పెట్టే అధికారం తమకు లేదన్నారు.

చివరికి నది దాటి చాందా వెళ్లాను. అక్కడ ఒక డాక్టరు గారు నన్ను కూర్చోబెట్టి నోటుబుక్కు మొత్తం చూశారు. పెద్దవయసు మనిషి, కళ్లజోడుకు ఒక పక్క దారం కట్టి ఉంది. ఆయన మరాఠీలో అడుగుతుంటే, నేను అంగట్లో నేర్చుకున్న మరాఠీలో చెప్పాను.

“మృత్యు కితీ?” అన్నారు. ఎంతమంది చనిపోయారని.

“ఎవరూ చనిపోలేదు. దీనితో చావు రాదండీ.”

ఆయన సొరుగులోంచి ఒక అచ్చు ఫారం తీసి నా ముందు పెట్టారు. వారం వారం పైకి పంపే ఫారం అది. కలరా, మశూచి, ప్లేగు, జ్వరాలు అని గళ్లు ఉన్నాయి. చివరి గడి ‘ఇతరములు’. ప్రతి గడిలోనూ రెండు భాగాలు, జబ్బుపడినవాళ్లు, చనిపోయినవాళ్లు.

“ఇతరములలో రాస్తాను,” అన్నారు. “పైవాళ్లు మొదట చావుల గడి చూస్తారు. సున్నా ఉంటే కాగితం తిప్పేస్తారు. అయినా రాస్తాను. మీ ఊరి జనాభా ఎంత?”

నాకు తెలియదు. జబ్బుపడినవాళ్లను లెక్కపెట్టాను గానీ ఊళ్లో అందరూ కలిసి ఎందరో లెక్కపెట్టలేదు. మా తాలూకా రిజిస్టర్లు ఆయన దగ్గరికి ఇంకా చేరలేదు.

“బాబూ,” అన్నారు చివరికి, “నా కాగితాల ప్రకారం మీ తాలూకాలో ఇంకా మనుషులే లేరు.”

హాస్యానికి అన్న మాట కాదు. ఆయన కలం పట్టుకున్న చెయ్యి ఫారం మీద అలాగే ఆగిపోయి ఉంది. నా పేరు, ఊరి పేరు వేరే కాగితం మీద రాసుకుని, మూటలు రాగానే మనిషిని పంపిస్తానని చెప్పారు. ఆయన కింద పనిచేసేది ఒక్క ఇన్‌స్పెక్టరే అని, ఆ ఇన్‌స్పెక్టరు కలరా సూదులు వేయడానికి ఎక్కడో అడవి ఊళ్లలో ఉన్నాడని తర్వాత తెలిసింది.

సెలవులు అయిపోయాయి. హైదరాబాదు వెళ్లి నోటుబుక్కును ప్రొఫెసరు గారికి ఇచ్చాను. రెండు రోజుల తర్వాత తన గదికి పిలిచారు. టేబుల్ మీద నా పుస్తకం తెరిచి ఉంది, అంచుల్లో పెన్సిలుతో రాతలు.

“బాగా చూశావు. రైలు కూలీల దగ్గరికి వెళ్లడం చాలా మంచి పని,” అన్నారు. తర్వాత ఒక్కొక్కటే అడగడం మొదలుపెట్టారు. లాఖోరి తిని కూడా జబ్బుపడనివాళ్లు వాడలో ఎంతమంది? ఎంతకాలం తిన్నాక ఎవరు పడ్డారు? పోయినేడు పడినవాళ్లెందరు, ఈ ఏడు కొత్తగా పడినవాళ్లెందరు? మొత్తం రోగులు ఎందరో చూస్తే ఊరి మీద ఎంత బరువుందో తెలుస్తుంది, కొత్తవాళ్లు ఎందరో చూస్తేనే అది పెరుగుతోందో తగ్గుతోందో తెలుస్తుంది. నేను రెండింటినీ కలిపేశాను. “పైనున్న అంకె ఒక్కటే తెచ్చావు. కింద అంకె లేకపోతే అది భిన్నం కాదు,” అన్నారు. కోప్పడలేదు. నాకు మాత్రం ఆ ప్రశ్నలన్నీ వదిన పొయ్యి ముందు నిలబడి అడగాల్సిన ప్రశ్నల్లా వినబడ్డాయి.

“ఆడవాళ్లకు తక్కువగా ఎందుకు వస్తోంది సార్?” అన్నాను.

“తెలియదు. మగవాళ్లు ఎక్కువ తింటారు కాబట్టి అనొచ్చు, ఎక్కువ కష్టపడతారు కాబట్టి అనొచ్చు. తెలియదని చెప్పడమే నిజాయితీ.”

“మన కాలేజీ నుంచి ఒక బృందాన్ని పంపిస్తే?”

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. నాలుగేళ్ల కిందటైతే రేపే జీపులో బయల్దేరేవాళ్లమన్నారు. ఇప్పుడు అది వేరే రాష్ట్రం. అక్కడి నుంచి అడిగితే తప్ప వెళ్లకూడదు. అడగాలంటే అక్కడివాళ్లకు ముందు తెలియాలి. ఉత్తరం రాస్తానన్నారు. నా ముందే రాసి, టైపు చేయించి, సంతకం పెట్టారు.

గది బయటికి వచ్చేముందు అడిగాను. “ఇప్పటికే పడిపోయినవాళ్లకు ఏం చెయ్యాలి సార్?”

“జబ్బును మూడు చోట్ల ఆపొచ్చని చెప్పాను కదా. రాకముందు. మొదలవగానే. వచ్చాక, మనిషి మరీ కుంగిపోకుండా. వాళ్లకు మిగిలింది మూడోది. చేతికర్రలు.”

దసరా సెలవులకు రెండు జతల చంక కర్రలు కొని తీసుకుపోయాను. మంచి టేకువి, కింద రబ్బరు తొడుగులు, చంకల దగ్గర మెత్తలు. మా జీతగాడు అప్పటికి రెండు కర్రల మీదికి వచ్చాడు. కొత్తవాటిని చూసి చాలా సంబరపడ్డాడు. అరుగు మీద నాలుగు అడుగులు చక్కగా వేశాడు. వాకిట్లోకి దిగగానే వానలకు నానిన రేగడిలో కర్రలు జానెడు లోతుకు దిగబడ్డాయి. ఒకదాన్ని పీకుతుంటే రెండోది ఇంకా లోపలికి పోయింది. అతను పక్కకు ఒరిగి బురదలో పడ్డాడు. బాపు, నేను లేపాం. రబ్బరు తొడుగు ఒకటి మట్టిలోనే ఉండిపోయింది, ఎంత వెతికినా దొరకలేదు.

“పట్నం నేలకు చేసినయ్ గావచ్చు,” అన్నాడు, బురద తుడుచుకుంటూ. నన్ను ఓదార్చడానికే అన్నాడు.

ఆ రోజు అతని పక్కన అరుగు మీద కూర్చుని, అసలు సంగతి చెప్పాను. నేను డాక్టరునైనా ఈ కాళ్లు తిరిగి రావని, దీనికి మందు ఎవరి దగ్గరా లేదని, ఇంకా ముదరకుండా ఉండాలంటే ఆ పప్పు తినకుండా ఉండటమొక్కటే దారని.

అతను మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని చూస్తున్నాడు.

“ఎండాకాలం నుంచే ఎర్కనా నీకు?”

“ఎరుకే.”

“ఊ,” అన్నాడు. “మా ఇంటిదానికి చెప్పకు. అది ఇంకా దేవునికి మొక్కుతుంది.”

ఆ వానాకాలం బాగా కురిసింది. సంక్రాంతి నాటికి జొన్న చేతికొచ్చింది, గుమ్ముల్లోకి మళ్లీ తెల్లగింజలు వచ్చాయి. ఆ తర్వాత వాడలో కొత్తగా ఎవరి కాళ్లూ పడిపోలేదు. ఈసారి మాత్రం గుడిసె గుడిసెకూ తిరిగి అందరినీ లెక్కపెట్టాను, తిన్నవాళ్లను, తినడం మానినవాళ్లను, పడినవాళ్లను, పడనివాళ్లను. ప్రొఫెసరు గారు అడిగిన కింద అంకె దొరికింది. దాన్ని చూపించడానికి కొత్త రోగులు లేరు. జబ్బును ఆపింది నా నోటుబుక్కు కాదు, వాన. ఊళ్లో ఎవరూ నేను చెప్పింది నమ్మలేదు. చెడుగాలి పోయిందనుకున్నారు. చేలగట్ల వెంట లాఖోరి మళ్లీ చల్లారు, ఎందుకంటే వానలు పోయిన ఏడు మనుషుల ప్రాణం నిలబెట్టింది అదే కదా. బాపు కూడా ఒక మడిలో చల్లాడు. నేను చూశాను. ఆయన నన్ను చూశాడు. ఆ సంగతి మేం మాట్లాడుకోలేదు.

చాందా నుంచి మనిషి వచ్చాడు, నేను ఊళ్లో లేనప్పుడు. కొత్త కేసులు లేవని రాసుకుని పోయాడట. అతను రాసింది అబద్ధం కాదు. కూర్చున్నచోటి నుంచి లేవలేని పాతవాళ్లకు అతని కాగితంలో గడి లేదు.

నేను చదువు పూర్తిచేశాను. అందరూ ఆపరేషన్ల వైపు, గుండె వైపు వెళుతుంటే భోజనాల తర్వాతి సబ్జెక్టే తీసుకున్నాను. అందులో ఏదో సాధిస్తానన్న నమ్మకంతో కాదు. మరో పనికి మనసు పోలేదు. పాతికేళ్లు పిల్లలకు అదే పాఠం చెప్పాను. పప్పు గురించిన పేరా దగ్గరికి వచ్చేసరికి ప్రతి ఏడూ కొంచెం తొందరగా చదివేసేవాణ్ని.

మా జీతగాడు రెండు కర్రల దగ్గరే ఆగలేదు. మెల్లగా నేల మీదికి వచ్చాడు. చేతుల కింద చెక్కముక్కలు పెట్టుకుని జరిగేవాడు. బాపు అతన్ని పని నుంచి తీసేయలేదు, దొడ్లో కూర్చుని తాళ్లు పేనే పని ఇచ్చాడు. అతని తాళ్లు గట్టివని చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చి కొనేవాళ్లు. నేను వెళ్లినప్పుడల్లా పలకరించేవాడు, హైదరాబాదు సంగతులు అడిగేవాడు. కాళ్ల మాట మళ్లీ ఎత్తలేదు.

ఉద్యోగంలో చేరిన కొన్నేళ్లకు, మళ్లీ వానలు పోయిన ఒక ఏడు, రాజురా అంగట్లో వదిన కనబడింది. గింజలు అమ్మేవాళ్ల వరుసలో వంగి, కొంగులో ఏదో పోయించుకుంటోంది. దగ్గరికి వెళ్లేదాకా నన్ను చూడలేదు. కొంగులోకి చూశాను. లాఖోరి.

ఆమె దాచుకోలేదు. ముడి వేసుకుంటూ చెప్పింది.

“జొన్నలు గూడ కొన్న, ఇగో సంచిల ఉన్నయ్. అవి ఆయనకు, పిల్లలకు. ఇది నాకొక్కదానికే. ఆడోళ్లకు జల్ది పట్టదని నువ్వే అంటివి గదా.”

నేను అన్నది అది కాదు. ఆడవాళ్లలో తక్కువ మందికి వచ్చిందని ఎప్పుడో వాళ్ల గుడిసెలో అన్నాను, ఎందుకో తెలియదని కూడా అన్నాను. ఆమె దానిలోంచి తనకు అవసరమైన ముక్క తీసుకుంది. దాన్ని సరిదిద్దాలని నోరు తెరిచాను. జొన్నల సంచి చిన్నది, నలుగురికి వారం కూడా రాదు.

“ఎన్ని రోజుల నుంచి తింటున్నవ్?”

“పోయిన నెల సంది.”

“కాళ్లు?”

ఆమె నవ్వింది. అంగడి మధ్యలో నాలుగడుగులు నడిచి చూపించింది, మడమలు నేలకు ఆనిస్తూ. నేను వంగి ఆ మడమలనే చూశాను. పగిలిన మడమలు, రెండూ పూర్తిగా ఆనుతున్నాయి. జేబులో ఉన్న దానితో ఇంకో సంచి జొన్నలు కొని ఇచ్చాను. వద్దనలేదు, తీసుకుంది. కొంగులోని ముడి మాత్రం విప్పలేదు. వచ్చే నెల మళ్లీ వస్తానని, అప్పుడు కూడా నడిచి చూపించాలని చెప్పాను. సరేనంది. ఊరి బస్సు వచ్చింది. జనం తోసుకుంటుంటే, ఆమె ఒక చేత్తో జొన్నల సంచులు, ఒక చేత్తో ఆ ముడి పట్టుకుని మెట్టెక్కింది.